రెండో తాళంచెవి

షాపు నుంచి,
సోమవారం, బేరాల మధ్యలో

అక్కా,

పొద్దున షట్టర్ ఎత్తీ ఎత్తగానే మొదటి బేరం ఒక పెద్దాయన. జేబులోంచి తాళంచెవి తీసి కౌంటర్ మీద పెట్టి, "ఇది దేనిదో చెప్పు బాబూ, ఇంట్లో ఏ తాళానికీ పట్టట్లేదు" అన్నాడు. నేను తాళాలు అమ్మేవాణ్ణి, జాతకాలు చెప్పేవాణ్ణి కాదు మహానుభావా అన్నా. తీరా చూస్తే అది సైకిల్ తాళంచెవి. "సైకిల్ ఎక్కడుందండీ?" అంటే, "అదే గుర్తు రావట్లేదు" అన్నాడు. ఇద్దరం కాసేపు నవ్వుకున్నాం. బేరం మాత్రం సున్నా.

ఫోన్లో ముక్కలు ముక్కలుగా పంపకు, పొడుగ్గా రాయి, నర్సమ్మ మెయిల్‌కి పంపితే ప్రింట్ తీసి చేతికిస్తుంది అన్నావుగా. అందుకే కంప్యూటర్ ముందేసుకుని టకటకా కొట్టేస్తున్నా. మధ్యలో ఎవడైనా వచ్చి గడియ అడిగితే లేస్తా, మళ్ళీ కూర్చుంటా. తప్పులుంటే సర్దుకో.

ఆ చోటు ఎలా ఉంది? జబ్బు తగ్గించడానికి కాదు, బాధ తగ్గించడానికి చేర్చుకుంటున్నాం అని ఆ డాక్టరు ఎంత మెల్లగా చెప్పినా నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయా. నువ్వేమో నీ సంచి నువ్వే పట్టుకుని లోపలికి నడిచావు, బస్టాండులో డ్యూటీకి వెళ్తున్నట్టు.

నీ మరదలు అడుగుతోంది, ఇంకో దుప్పటి పంపాలా అని. వచ్చే నెల షాపుకి సెలవిచ్చి వస్తా.

నీ తమ్ముడు

•

కిటికీ పక్క మంచం నుంచి,
గురువారం

ఒరేయ్ బిస్కట్ దొంగా,

దుప్పటి వద్దు. ఇక్కడ దుప్పట్లు కప్పడమే పెద్ద పని వీళ్ళకి. కాలు బయటపెడితే చాలు, ఎవరో ఒకరు వచ్చి కప్పి పోతారు.

గది బాగుంది. నాలుగు మంచాలు. ఒక్కో మంచం పక్కన ఒక చిన్న ఇనప బీరువా, తలుపు తీస్తే పిల్లి అరిచినట్టు అరుస్తుంది. నువ్వుంటే నూనె డబ్బా పట్టుకుని వెంటపడేవాడివి. కిటికీలోంచి ఒక రోడ్డు, రోడ్డు మీద బస్సులు. ఇన్నేళ్ళు మైకులో బస్సులు పిలిచి పిలిచి, ఇప్పుడు పిలవకుండానే పోతుంటే చూస్తున్నా. ఒక్కటీ టైముకి రావట్లేదు, చెప్పడానికి నాకు గొంతు లేదు.

ఆపరేషన్ అయ్యాక నవ్వినా గాలే వస్తోందిరా. గొంతు దగ్గర రంధ్రంలోంచి ఉఫ్ అని. అది చూసి పక్క మంచం టైలరమ్మ ఇంకా నవ్వుతుంది. నాకు గొంతులో వచ్చిన క్యాన్సరే ఆవిడకి కడుపులో వచ్చింది. కళ్ళతోనే అందరి కొలతలూ తీసేస్తుంది. నర్సమ్మ యూనిఫామ్ కుడి భుజం జారిందని, తెస్తే సరిచేస్తానని రోజూ గొడవ. నర్సమ్మ నిన్న నిజంగానే తెచ్చిచ్చింది. పడుకునే కుట్టింది. నేను పలక మీద "కూలీ ఎంత?" అని రాస్తే, "నీ గొంతు తెచ్చియ్యి, చాలు" అంది. నాకు ఉఫ్ వచ్చింది.

నొప్పి ఉంది. అందరికీ ఉంటుంది.

షాపు ఒదిలేసి పరిగెత్తుకు రాకు.

అక్క

•

షాపు నుంచి,
బుధవారం, బేరాల్లేవు

అక్కా,

టైలరమ్మకి నా నమస్కారం చెప్పు. నా ప్యాంటు నడుం కూడా కొలవమను, ఫోటో పంపుతా. నీ మరదలు నవ్వుతోంది, ఫోటోలో పట్టదట.

ఇవాళ ఒకడు వచ్చాడు, కొత్తగా పెళ్ళయింది. పెట్టెకి తాళం కావాలట. ఎప్పట్లాగే రెండు చెవులూ ఒకదాని తర్వాత ఒకటి తిప్పి చూపించా. నాన్న నేర్పిన పద్ధతి కదా, రెండూ పనిచేస్తున్నాయని కొన్నవాడి కళ్ళతో వాడు చూడాలి. వాడు రెండో చెవి నా చేతికే ఇచ్చి, "ఇది మీరే ఉంచండి సార్, ఇంట్లో తెలిస్తే కష్టం" అన్నాడు. బాబూ, ఇది మా కుటుంబానికి మాత్రమే ఉన్న సౌకర్యం అన్నా.

మేకు గుర్తుందా? కౌంటర్ వెనక, కేలండర్ కింద. మనవాళ్ళు ఎవరు ఏ తాళం తీసుకెళ్ళినా దాని రెండో చెవి ఆ మేకుకి తగిలించాల్సిందే. నీ హాస్టల్ పెట్టెది, తర్వాత నీ అద్దె గదిది, బస్టాండులో నీ లాకర్‌ది. అన్నీ ఇంకా వేలాడుతున్నాయి, ఆ తాళాలు ఎప్పుడో పోయినా సరే. నేను మొదటిసారి దొంగతనం చేసింది కూడా ఆ మేకు మీదనుంచే. సెలవులకి నువ్వు ఇంటికి తెచ్చుకున్న పెట్టెలో బిస్కట్లు! నువ్వేమో ఎలకలు తింటున్నాయని నాన్నకి చెప్పి బోను కొనిపించావు.

నొప్పి అందరికీ ఉంటుంది అని రాశావే, అందరి సంగతి నాకెందుకు? నీకెంత ఉంది? డాక్టరుకి చెప్తున్నావా?

తమ్ముడు

•

కిటికీ పక్క మంచం నుంచి,
మంగళవారం

ఒరేయ్,

టైలరమ్మ పోయింది. ఆదివారం.

ఒక పని చెయ్యి. నా మంచం పక్కన బీరువాకి ఒక తాళం కావాలి. చిన్నదే, గట్టిది. ఇక్కడ వస్తువులు అటూ ఇటూ అవుతున్నాయి. రెండు చెవులూ నాకే పంపు. మేకుకి తగిలించకు.

అక్క

•

షాపు నుంచి,
శుక్రవారం

అక్కా,

పాపం టైలరమ్మ. నేను చూడనేలేదు గానీ, నీ ఉత్తరాలు చదివి ఎప్పట్నించో తెలిసినావిడలా అయిపోయింది. నీ మరదలు కూడా కళ్ళు తుడుచుకుంది. నీకు ఎలా ఉందో ఒక్క ముక్క రాయలేదేం?

తాళం పంపించేశా. షాపులో ఉన్నవాటిల్లోకెల్లా మంచిది. ఇత్తడిది, అరచేతిలో పట్టేంత, కానీ సుత్తితో కొట్టినా నోరు తెరవదు. పార్శిల్ కట్టేముందు రెండు చెవులూ తిప్పి చూశా, వెన్నలో పడ్డట్టు తిరుగుతున్నాయి. రెండూ అందులోనే పెట్టా, నువ్వు చెప్పినట్టే. ఇంత భద్రం దేనికక్కా, బిస్కట్లు దాస్తున్నావా? ఇంత దూరం నుంచి దొంగిలించలేనులే.

నిన్న నర్సమ్మతో ఫోన్లో మాట్లాడా. మందు పెంచినా నీకు నొప్పి దిగట్లేదట, డాక్టరుకి అర్థం కావట్లేదట. వాళ్ళు అడిగితే తల ఊపి ఊరుకోకు. పలక నిండా రాసి చూపించు. మైకు ముందు అంత ఘనంగా మాట్లాడినదానివి, నీ నొప్పి దగ్గరికొచ్చేసరికి ఈ మొహమాటమేంటి?

తమ్ముడు

•

కిటికీ పక్క మంచం నుంచి,
ఆదివారం

ప్రియమైన తమ్ముడికి,

తాళం అందింది. చాలా బాగుంది. నువ్వు ఎప్పుడూ మంచి సరుకే అమ్ముతావు.

నా చేతి గడియారం పార్శిల్లో పంపుతున్నా, మరదలికి ఇవ్వు. తనకి ఎప్పట్నించో ఇష్టం, అడగలేదు అంతే. ఎరుపు రంగు చీరలు రెండున్నాయి ఇంట్లో, అవి కూడా తనవే. నా ఇంటి చెవి నీ మేకు మీదే ఉంది, ఎప్పుడైనా వెళ్ళి తీసుకోవచ్చు.

నాకిప్పుడు మనసు తేలిగ్గా ఉంది. కంగారు లేదు. నువ్వు నాకు ఏ లోటూ చెయ్యలేదురా, అది గుర్తుపెట్టుకో. ఎప్పుడైనా తిట్టి ఉంటే అది నా గొంతు పెద్దది కావడం వల్లే.

వచ్చే నెల వస్తానన్నావు. తొందరేం లేదు. రాకపోయినా నేనేం అనుకోను. షాపు బాగా చూసుకో.

ఆశీస్సులతో,
అక్క

•

షాపు నుంచి,
బుధవారం, షట్టర్ దించేసి

అక్కా,

నీ ఉత్తరం పొద్దున వచ్చింది. "ప్రియమైన తమ్ముడికి" అట! పుట్టినప్పట్నించీ ఒరేయ్ తప్ప ఇంకో పిలుపు ఎరగను నీ నోట. అప్పుడే నాకు ఏదో తేడా కొట్టింది. నీ మరదలు గడియారం చేతికి పెట్టుకోలేదు, టేబుల్ మీద పెట్టి దాన్నే చూస్తూ కూర్చుంది.

నేనేమో షాపుకొచ్చి, ఎవరికో రెండు చెవులూ తిప్పి చూపిస్తూ, అలవాటుగా మేకు వైపు చూశా. ఇంటిల్లిపాదివీ ఉన్నాయి అక్కడ. పోయిన తాళాలవి కూడా. నీ బీరువాది లేదు. నువ్వే వద్దన్నావు, నేనే నవ్వుకుంటూ రెండూ పార్శిల్లో పెట్టా. ఇన్నేళ్ళలో నా దగ్గర రెండో చెవి ఉంచొద్దని నువ్వు అనడం ఇదే మొదటిసారి. బిస్కట్లు పోతున్నప్పుడు కూడా అనలేదు కదక్కా.

మందు పెంచినా నొప్పి దిగట్లేదు. బీరువాకి తాళం కావాలి. చెవి ఎవరి దగ్గరా ఉండకూడదు. గడియారం, చీరలు. తొందరేం లేదు, రాకపోయినా పర్లేదు. ఇవన్నీ విడివిడిగా వచ్చినప్పుడు నాకు ఒక్కటీ తగల్లేదు. ఇవాళ అన్నీ ఒకేసారి తగిలాయి.

చుట్టూ తిప్పి అడగడం నాకు రాదు. అక్కా, చచ్చిపోదామని అనుకుంటున్నావా? ఇచ్చిన మందులు వేసుకోకుండా ఆ బీరువాలో దాస్తున్నావా?

ఇది కొట్టకముందే నర్సమ్మకి ఫోన్ చేసి నా అనుమానం చెప్పేశా. నీ వెనక చేశానని నువ్వు తర్వాత తెలుసుకోకూడదని ఇప్పుడే రాస్తున్నా. ఈ కాగితం ప్రింట్ తీసేది కూడా ఆమే. నర్సమ్మా, మీరూ చదవండి, తప్పులేదు.

అవునని చెప్పినా నేను తిట్టను. భయపడతాను, అంతే. కాదని చెప్పినా బస్సెక్కుతా. రేపు పొద్దున ఫస్ట్ బస్సు.

నీ తమ్ముడు

•

మంచం మీంచి,
గురువారం

గౌరవనీయులైన తాళాల షాపు యజమానిగారికి,

మీ ఉత్తరం నర్సుగారు, డాక్టరుగారు, ఇంకా ఎవరెవరో చదివిన తర్వాత నాకు అందజేయబడింది. నా బీరువా తెరిపించారు. అందులో ఉన్నవి తీసుకున్నారు. మీరు తాళాలు అమ్ముకుంటారని అనుకున్నాను, పగలగొడతారని తెలియదు.

నా దగ్గర నాది అని మిగిలింది ఆ బీరువా ఒక్కటే.

మీరు రానవసరం లేదు. బయల్దేరి ఉంటే వెనక్కి వెళ్ళగలరు.

ఇట్లు,
ఒక రోగి

•

షాపు నుంచి,
మంగళవారం

అక్కా,

తిరిగొచ్చేశా. నేను అక్కడికి చేరాక నువ్వు నా చేతిలో పెట్టిన ఉత్తరాన్ని ఇవాళ మళ్ళీ చదివా. "అందజేయబడింది" అన్న దగ్గర నీ మరదలికి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది.

ఉన్నన్నాళ్ళూ గోడ వైపే తిరిగి పడుకున్నావు. పర్లేదు. నాకు ఉత్తినే కూర్చోవడం చేతకాదని నీకు తెలుసు, అందుకే ఆ గదిలో బీరువాలన్నిటికీ నూనె వేశా. నర్సమ్మ మందుల గది గొళ్ళెం కూడా బాగుచేశా. స్నానాల గది గడియ మాత్రం నా వల్ల కాలేదు, కొత్తది పంపుతున్నా.

నీది అని మిగిలిన ఒక్కదాన్నీ నేను తెరిపించా. ఒప్పుకుంటా. మళ్ళీ అలాంటి ఉత్తరం వస్తే మళ్ళీ తెరిపిస్తా. నువ్వు నాతో మాట్లాడకుండా బతికున్నా నాకు చాలు.

సమాధానం రాయకపోయినా నేను మాత్రం వారం వారం కొడుతూనే ఉంటా. బస్టాండు మైకు లాగా, వినేవాళ్ళున్నా లేకపోయినా.

తమ్ముడు

•

కిటికీ పక్క మంచం నుంచి,
శనివారం

ఒరేయ్,

ఆ బీరువా తలుపు ఇప్పుడు అస్సలు అరవట్లేదు. నాకు ఆ అరుపే బాగుండేది. ఎవరు ఏం తీస్తున్నారో కళ్ళు మూసుకునే తెలిసేది. అడక్కుండా నూనె వెయ్యడం నీకు పుట్టుకతో వచ్చిన రోగం.

కోపం పోలేదు. కానీ నువ్వు ఆ స్నానాల గది గడియతో కుస్తీ పడుతూ దానికి కూడా కబుర్లు చెప్తుంటే గోడ వైపు తిరిగి ఉఫ్ ఉఫ్ అని నవ్వుకున్నా. ఏడుస్తున్నానని నర్సమ్మ అనుకుంది. రెండూ ఒకేలా వస్తాయి నాకిప్పుడు.

అడిగావుగా, చెప్తున్నా. అవును, అనుకున్నా. ఆ ఆదివారం నుంచీ.

టైలరమ్మ మంచం చుట్టూ తెర లాగేశారు. తెర లాగితే కనపడదు గానీ వినపడుతుందిరా. పొద్దున్నించి మధ్యాహ్నం దాకా ఆవిడ ఊపిరి గరగరా, నీళ్ళల్లో మునిగినట్టు. నాకు చావంటే భయం లేదు. ఆ శబ్దమంటే భయం. అది నా గొంతులోంచి వస్తే ఆపమని అడగడానికి నాకు మాట కూడా ఉండదు కదా అనిపించింది. నొప్పి ఓర్చుకునైనా సరే, ఆ రోజు రాకుండా చూసుకోవాలనుకున్నా. ఇంకోటి కూడా ఉంది. నా కోసం నువ్వు షాపు మూసి, బస్సుల్లో పడి తిరుగుతూ... నేను అడ్డు తొలిగితే అందరికీ తేలిక అనిపించింది. రాత్రికి రాత్రి కాదు, రోజుకొంచెం పెరిగిందది.

నువ్వు వెళ్ళాక డాక్టరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తిట్టలేదు. "ఏది చూసి భయమేసింది?" అని అడిగాడు. పలక సరిపోక కాగితాలు తెచ్చుకున్నాం. ఆ గరగర వచ్చేటప్పటికి మనిషి దాన్ని వినే స్థితిలో ఉండడు, టైలరమ్మకి అది తెలియనే తెలియదు, బాధంతా వినేవాళ్ళది అన్నాడు. నాకు ఊపిరాడకపోతే ఏం చేస్తాడో, ఏ మందు ఇస్తాడో, ఎవరు పక్కన ఉంటారో, నేను మాట లేకుండా ఎలా చెప్పాలో, అన్నీ కూర్చుని మాట్లాడుకున్నాం. చెయ్యి పైకెత్తితే చాలన్నాడు. ఇదంతా ముందే అడిగి ఉండొచ్చు కదా అన్నావనుకో, చంపేస్తా. అడగాలని కూడా తట్టలేదురా.

మందులు సరిగ్గా వేసుకుంటున్నా. నొప్పి దిగింది. ఇన్నాళ్ళకి ఒక బస్సు మొదట్నించి చివరిదాకా చూశా, మధ్యలో కళ్ళు మూసుకోకుండా.

అన్నీ సర్దుకుపోయాయని అనుకోకు. కొన్ని పొద్దులు మళ్ళీ అలాగే అనిపిస్తుంది. అప్పుడు పలక మీద ఒక అడ్డగీత గీసి నర్సమ్మకి చూపిస్తా. అది మా ఇద్దరి ఒప్పందం. ఆవిడ పని ఆపి వచ్చి పక్కన కూర్చుంటుంది. "అలా అనకండి" అని అనదు. నా పక్కన కూర్చుని, టైలరమ్మ సరిచేసిన ఆ భుజం సర్దుకుంటూ కిటికీలోకి చూస్తుంది. గీత తుడిచేశాక లేస్తుంది.

నా తాళం నాకు తిరిగిచ్చారు. ఖాళీ బీరువాకి తాళమెందుకని అడిగితే, నాది కాబట్టి అని రాశా.

ఈ కవర్లో ఒక చెవి పెట్టా. మేకుకి తగిలించు.

అక్క

•

షాపు నుంచి,
గురువారం

అక్కా,

తగిలించా. నీ హాస్టల్ పెట్టె దాని పక్కనే.

ఇంకో మాట. నువ్వు అడ్డు తొలిగితే మాకు తేలికని ఎవరు చెప్పారే నీకు? బస్సుల్లో తిరగడం నాకు కష్టం కాదు. ప్రతి బస్టాండులో దిగి మైకులో ఎవరు మాట్లాడుతున్నారా అని వింటా. ఒక్కదానికీ నీ గొంతు లేదు. అదీ కష్టం. నువ్వు ఉండి మాట్లాడకపోతే ఆ కష్టం సగమే. సగం చాలు నాకు, ఉన్నన్నాళ్ళు.

నీ మరదలు గడియారం పెట్టుకుంది. టైము తప్పు చూపిస్తోంది, సరిచెయ్యనివ్వట్లేదు.

ఈసారి తనని కూడా తెస్తున్నా. నూనె డబ్బా తేను.

తమ్ముడు

•

మంచం నుంచి

ఒరేయ్

చెయ్యి ఆడట్లేదు. ఇదే ఎక్కువ.

నొప్పి లేదు. గీతలు తగ్గాయి. నిద్ర ఎక్కువైంది.

బీరువాలో నీది ఒకటి పెట్టా. నర్సమ్మని అడక్కు. నీ చెవితోనే తియ్యి. దొంగలా తియ్యి.

ఇక వచ్చెయ్. ఈసారి తొందరే.

అక్క

•

షాపు నుంచి,
సోమవారం

నర్సమ్మా, నమస్కారం.

ఈ మెయిల్‌కి కొట్టీ కొట్టీ చేతికి అలవాటైపోయి, ముందు "అక్కా" అనే కొట్టా. చెరిపి మీ పేరున మొదలుపెట్టా. దీన్ని ప్రింట్ తీయక్కర్లేదు.

మీకు సరిగ్గా కృతజ్ఞతలు కూడా చెప్పకుండా వచ్చేశాను. ఆ నాలుగు రోజులూ మీరు ఉన్నారు కాబట్టి నేను ఉండగలిగాను. ఆ గరగర మొదలవగానే నేను పారిపోదామనుకున్నా, నిజం. మీరు నా భుజం మీద చెయ్యి వేసి, "ఆవిడకి వినపడట్లేదు, మనకే" అన్నారు. అదే మాట అక్క నాకు ముందే రాసింది, అయినా ఎవరో పక్కన నిలబడి చెప్తే గానీ నమ్మకం కుదరలేదు. ఆవిడ మొహం చూశా. నుదురు మీద ఒక్క ముడత లేదు. మీరు మందు ఇచ్చాక శబ్దం కూడా తగ్గింది.

అంతకుముందు రోజు, ఆవిడకి ఇంకా తెలివి ఉండగా, నేను చెవి దగ్గర మైకు అనౌన్స్‌మెంట్ చేశా, మీరు నవ్వారు గుర్తుందా? ప్రయాణికులకు మనవి అని మొదలుపెట్టి నోటికొచ్చిన ఊళ్ళన్నీ ఒకే బస్సుకి తగిలించేశా. ఆవిడ వేలు రెండుసార్లు కదిలింది. మీరు నొప్పేమో అని దగ్గరికొచ్చారు. నొప్పి కాదండీ. అది రూటు తప్పు చెప్పాననే. చిన్నప్పట్నించీ ఎరుగుదును ఆ వేలు.

అన్నీ అయ్యాక బీరువా తెరిచినప్పుడు మీరు బయటికి వెళ్ళిపోయారు, నాకు ఒంటరిగా ఉండాలనిపిస్తుందేమో అని. లోపల ఏముందో మీరు అడగలేదు కాబట్టి చెప్తున్నా. బిస్కట్ పాకెట్. మా చిన్నప్పుడు ఆవిడ పెట్టెలో ఉండేవే, ఇంకా తయారు చేస్తున్నారని నాకే తెలియదు. అప్పటికి ఆవిడ ఒక్క ముక్క కూడా మింగే స్థితిలో లేదు కదా. ఎవరి చేత తెప్పించిందో, మీరే అయ్యుంటారు, ఒప్పుకోరు. పక్కన ఒక బుల్లి ఎలకల బోను. దాంట్లో ఒక బిస్కట్ పెట్టి ఉంది. చెయ్యి సరిగ్గా ఆడని మనిషి, ఆ స్ప్రింగ్ ఎలా బిగించిందో!

నేను నవ్వా. మీరు వరండాలోంచి విని ఏడుస్తున్నాననుకుని పరిగెత్తుకొచ్చారు. రెండూ అయ్యుంటాయిలెండి. మా ఇంట్లో రెండూ ఒకేలా వస్తాయి.

ఆ తాళం అక్కడే వదిలేశాను, బీరువాకి. తర్వాత ఆ మంచం మీదకి వచ్చేవాళ్ళకి వాళ్ళది అని చెప్పుకోడానికి ఒకటి ఉండాలి కదా. ఒక చెవి వాళ్ళకి ఇవ్వండి. రెండోది ఎవరి దగ్గర ఉంచాలని ఉందో అడగండి. ఎవరి దగ్గరా వద్దంటే, కుర్చీ లాక్కుని కాసేపు కూర్చోండి. మీకు నేను చెప్పేదేముంది.

ఆ రెండో చెవి నాతోనే వచ్చేసి మేకుకెక్కింది, విడిగా పోస్టులో పంపిద్దామని తీశా. కవర్లో పెట్టా. మళ్ళీ తీశా. షాపులో మిషన్ ఉంది కదా, దాని మీద పెట్టి ఇంకోటి కోశాను. రెండూ తిప్పి చూడ్డానికి ఇక్కడ తాళం లేదు, అయినా కొత్తదే మీకు పంపుతున్నా, పట్టకపోతే చెప్పండి, మళ్ళీ కోస్తా.

పాతది మేకుకి తగిలించేశా.